రేడియోలో మానేసిన గంగరత్నం

మైకు ఉద్యోగం

నేను జిల్లా ఆరోగ్య శాఖలో ప్రచార విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. నా ఉద్యోగమేమిటో మా చుట్టాలకి చివరిదాకా అర్థం కాలేదు. "అదేనమ్మా, జీపులో తిరుగుతుంది, మైకు పెట్టి ఏదో చెబుతుంటుంది" అని మా అత్తగారు పెళ్ళిళ్ళలో నన్ను పరిచయం చేసేవారు. అంతకంటే బాగా చెప్పడం నాకూ చేతకాదు.

ఇప్పుడు ఆ విభాగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పోస్టరు మీద ఏం రాయాలి, ఫోన్లో పంపే వీడియో ఎంతసేపుండాలి అని అడుగుతారు. నన్నడిగితే నేనేం చెప్పను? నా కాలంలో వీడియో లేదు, తెర కట్టి బొమ్మలు వేసేవాళ్ళం. కానీ జనం పొగ మానేటట్టు చెయ్యడంలో మా మాటలు ఎక్కడ పనిచేశాయో, ఎక్కడ గాలికి పోయాయో కొంత చూశాను. ప్రమోషన్లు, బదిలీలు, నన్ను ఎవరు ఏ ఊరికి తోశారు అన్న భాగోతం మీకు అనవసరం. ఒక ఇంటి సంగతి చెబుతాను. నాకు తెలిసిన దాంట్లో సగానికి సగం ఆ ఇంట్లో తెలిసిందే.

ముందుగా ఒక మాట. తొంభైల్లో మా జీపు ఊళ్ళోకి వచ్చిందంటే మగాళ్ళు కనిపించేవారు కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి మనుషుల్ని పోగుచేసేది కూడా మేమే కాబట్టి, మా హారను వినగానే చేలకి అడ్డంపడి పోయేవారు. అందుకని నేను మైకు అందుకోగానే "అయ్యా, ఇవాళ పొగాకు గురించి మాట్లాడతామండి, ఆపరేషన్ మాటే లేదు" అని చెప్పి, వాళ్ళు గట్లు దిగి వచ్చేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టేదాన్ని.

పుర్రె బొమ్మ

మా ఆఫీసరు మూర్తిగారు మంచివారు. ఎండలో మాతోపాటే తిరిగేవారు, నా క్యారియర్లో గోంగూర పచ్చడి అడిగి మరీ వేయించుకునేవారు. కాకపోతే జనాన్ని హడలగొడితేగానీ మారరని ఆయన నమ్మకం. రాజమండ్రిలో అచ్చు వేయించి ఒక పోస్టరు తెప్పించారు. ప్యాంటూ షర్టూ వేసుకున్న కుర్రాడు సిగరెట్టు కాలుస్తుంటాడు, ఆ పొగలోంచి ఇంత పుర్రె పళ్ళికిలిస్తూ వస్తుంటుంది. వానకి తడిసినా చిరగని కాగితం.

ఆ పోస్టర్లు పట్టుకుని పడవెక్కి లంకల్లోకి వెళ్ళాం. గోదావరి పాయల మధ్య ఉండే ఆ ఊళ్ళలో పండేది పొగాకే. అక్కడ మగవాళ్ళు కాల్చేది చుట్ట. పెద్దవయసు ఆడవాళ్ళలో చాలామందికి అడ్డపొగ అలవాటు. అంటే చుట్టని తిరగేసి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసి కాలుస్తారు. కొత్తగా చూసినవాళ్ళకి గుండె ఝల్లుమంటుంది. వాళ్ళు మాత్రం నోట్లో నిప్పు పెట్టుకుని నాట్లు వేస్తారు, చంటిపిల్లలకి నీళ్ళు పోస్తారు, పక్కింటివాళ్ళతో తగాదా కూడా పెట్టుకుంటారు.

పోస్టరు చుట్టూ నలుగురూ మూగారు. ఒక పెద్దాయన దగ్గరికొచ్చి చాలాసేపు చూసి తల పంకించారు.

"పాపం, పట్నం కుర్రాడనుకుంటానండి. ఆ సిగరెట్లు మంచివి కావండి, కాయితం పొగ కదా. శుభ్రంగా చుట్ట కాల్చుకోమని చెప్పండి" అన్నారు.

మళ్ళీ కొన్నాళ్ళకి వెళితే గోడల మీద ఒక్క పోస్టరూ లేదు. ఇళ్ళల్లో పెట్టుకున్నారేమోనని మూర్తిగారు మురిసిపోయారు. తీరా చూస్తే అన్నీ పొగాకు చేలల్లో ఉన్నాయి. పైరు ఏపుగా ఉందని దారినపోయేవాళ్ళ దిష్టి తగలకుండా కర్రలకి కట్టి నిలబెట్టారు. "ఇంత భయంకరమైన బొమ్మ మాకు సంతలో దొరకదండి. ఇంకో నాలుగుంటే ఇప్పించరూ" అని అడిగాడు ఒక రైతు. మూర్తిగారు గబగబా రేవుకేసి నడిచారు. ఏరు దాటి జీపెక్కాక నేను వెనక్కి తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

భయపెట్టడం తప్పనను. భయం పడితేనే కొందరు డాక్టరు దగ్గరికి వస్తారు. కానీ ఆ బొమ్మలో ఉన్నది తామేనని వాళ్ళకి తెలియాలి కదా. తెలిశాక ఏం చెయ్యాలో, ఎవరి దగ్గరికి వెళ్ళాలో కూడా మనమే చెప్పాలి. ఆ రెండూ లేకుండా పుర్రె వేస్తే అది దిష్టిబొమ్మకే పనికొస్తుంది.

అంగిలి మీద మచ్చ

తర్వాత మేము పళ్ళ డాక్టరు గారిని వెంటబెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాం. స్కూలు వరండాలో కుర్చీ వేసి, టార్చిలైటు వేసి నోరు చూసేవారు. గంగరత్నం గారిని నేను మొదట చూసింది ఆ కుర్చీలోనే. యాభై దాటిన మనిషి, బలమైన చేతులు, ఊళ్ళో ఎవరికీ జంకే రకం కాదు. డాక్టరు గారు నోరు తెరవమంటే "మాటలు మాత్రం ఆపలేనండోయ్" అంది.

ఆవిడ అంగిలంతా తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రటి చుక్కలున్నాయి. డాక్టరు గారు అద్దం చేతికిచ్చి ఆవిడకే చూపించారు.

"ఇప్పుడు ఇది పుండు కాదమ్మా. పొగ మానేస్తే చాలావరకు తగ్గుతుంది. మానకపోతే పుండు పడి కేన్సరులోకి దిగే ప్రమాదముంది" అన్నారు.

గంగరత్నం అద్దంలో చాలాసేపు చూసుకుంది. అంతసేపు ఆవిడ మాట్లాడకుండా ఉండటం తామెప్పుడూ చూడలేదని వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు చెప్పుకున్నారు. తన నోట్లో తన మచ్చ తన కళ్ళతో చూడటం ఎంత పని చేస్తుందో నాకప్పుడు తెలిసింది.

అప్పట్లోనే రేడియోలో సాయంత్రం పొలం కార్యక్రమానికి ముందు మా శాఖకి కొంచెం టైమిచ్చారు. డాక్టర్ల ఉపన్యాసాలు ఎవరూ వినరనీ, మానేసిన మనిషి గొంతే వినిపించాలనీ నేను పోరాను. మూర్తిగారు సరేనన్నారు. కొన్ని వారాల తర్వాత రేడియో ఆయన్ని టేపు రికార్డరుతో సహా తీసుకుని గంగరత్నం ఇంటికి వెళ్ళాం. ఆవిడ మంచాలు వాల్చింది, మజ్జిగిచ్చింది, అరిసెలు తినేదాకా ఒప్పుకోలేదు. ఆవిడ భర్త వీర్రాజు గారు మాట తక్కువ మనిషి. దండం పెట్టి పొగాకు పందిట్లోకి వెళ్ళిపోయారు.

"ఏమ్మా, చుట్ట మానేశారా?" అని అడిగారు మూర్తిగారు.

"మానేసేనండి" అంది గంగరత్నం.

"ఇప్పుడెలా ఉంది?"

"నోరు హాయిగా ఉందండి. తిన్నది రుచి తెలుస్తోంది. నాలాంటోళ్ళందరూ మానెయ్యాలండి."

ఇంత చక్కగా చెప్పింది కదా అని మేమంతా పొంగిపోయాం. వారం తిరక్కుండా ఆ గొంతు రేడియోలో రావడం మొదలైంది. రోజూ సాయంత్రం అదే మాట.

సంత రోజు

ఒక సంత రోజున నేను ఆరోగ్య కేంద్రంలో కూర్చుని ఉంటే గంగరత్నం సరాసరి నా గదిలోకి వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ రేడియోలో నన్ను తీయించెయ్యండి మేడంగారూ. నా కొంప ముంచేశారు" అంది.

ఏమైందంటే ఏకరువు పెట్టింది. అసలు ఆవిడ మానలేదు. మేము అడిగిన పూట కూడా కాల్చింది.

"మరి మానేశానని ఎందుకు చెప్పారండీ?" అన్నాను.

"ఏం చెప్పమంటారు? అంత పెద్దాఫీసరు గారు పడవెక్కి మా ఇంటికొచ్చి, మజ్జిగ తాగి, నోరారా అడిగితే, ఇంటికొచ్చిన మనిషి మొహం మీద లేదని ఎలాగంటామండి? తినకపోయినా, భోజనమైందా అంటే అయ్యిందనమూ?"

పుట్టి పెరిగింది ఈ గోదావరి నీళ్ళ మధ్యనే, ఈ మర్యాదలన్నీ నావే, అయినా ఆ పూట నాకు తట్టలేదు. కొత్తవాళ్ళకి చెప్పేదేమిటంటే, మన జిల్లాల్లో ఇంటికి వెళ్ళి అడిగితే ఎవరైనా సరే మానేశామనే అంటారు. అది మీకిచ్చే మర్యాద. మర్నాడు మళ్ళీ వెళ్ళండి, మజ్జిగ పుచ్చుకోకుండా అడగండి.

ఆ తర్వాత జరిగింది ఇంకా వింత. ఆ ఇంట్లో చుట్టలు చుట్టేది వీర్రాజు గారే. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన అలవాటు. చీకటితోనే ఇద్దరూ లేచి అరుగు మీద కూర్చుంటారు. ఆయన ఆకు తడిపి, ఈనె తీసి, తనకొకటి లావుగా, ఆవిడకొకటి సన్నంగా చుడతారు. తనది వెలిగించుకుని, దాంతో ఆవిడది అంటించి ఇస్తారు. అది కాలేలోపు ఇంటి సంగతులన్నీ వాళ్ళ మధ్య తేలిపోవాలి. ఉమ్మడి కాపురంలో తెల్లారితే ఎవరి పని వాళ్ళది, పెద్దవాళ్ళ ముందు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునే రోజులు కావవి.

రేడియోలో తన మాట వచ్చిన మర్నాడు గంగరత్నం ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుంటే ఆయన ఒక్కటే చుట్టారట.

"నాదేది బావా?" అంటే, "రేడియోలో చెప్పేవుగా" అన్నారట.

"ముందురోజు పొద్దున్న తన చేత్తో చుట్టిచ్చి, నేను కాలుస్తుంటే చూసిన మనిషండి. కళ్ళారా చూసింది వదిలేసి రేడియో మాట నమ్ముతాడా? అదే అడిగితే, నలుగురిలో ఇచ్చిన మాట పోకూడదు అంటాడు" అని గంగరత్నం నా బల్ల మీద చెయ్యేసి కొట్టింది.

సొంతంగా చుట్టుకుందామంటే చేతకాదు, నోట్లోకి వెళ్ళేలోపే విడిపోతుంది. పక్కింటికెళ్ళి అడిగితే "నువ్వు మానేసేవుగా అత్తా" అని పకపకా నవ్వారట. రేవులో పడవ సరంగు కూడా ఇవ్వలేదట. ఊరంతా ఏకమైపోయింది. పెట్టెలో దాచుకున్న పాతవి అయిపోయాయి. పైగా వేరే లంకల నుంచి ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఎలా మానేశావో చెప్పమని కూర్చుంటున్నారు.

"వాళ్ళకేం చెబుతున్నారు?" అన్నాను, నవ్వు దాచుకుంటూ.

"ఏం చెబుతాను, నా పాట్లే చెబుతున్నాను. నోరు పీకినప్పుడల్లా సోంపు గింజలో, లవంగమో పడేసుకోమంటున్నాను. తెల్లారగట్ల లేవగానే చెయ్యి ఖాళీగా పెట్టుకోకుండా పేడ తియ్యమంటున్నాను. విసుగొచ్చి కోడళ్ళ మీద పడకుండా ముందే వాళ్ళకి చెప్పుకోమంటున్నాను. మానిందనుకుని వింటున్నారండి పిచ్చి మొహాలు."

నేను లేచాను. తప్పు మాదే కాబట్టి ఆ టేపు ఆ పూటే ఆపిస్తానని చెప్పాను. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. మనసులో ఏదో కొట్టుకుంటోందని మొహంలో తెలుస్తోంది.

"మొన్నొచ్చినావిడకి నాకంటే పెద్ద మచ్చ ఉందండి. నా దగ్గర కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు రేడియోలో నా మాట ఆగిపోతే, గంగరత్నం మళ్ళీ మొదలెట్టిందనుకుంటుంది. వద్దులెండి, ఉంచండి. ఆ రేడియోలో గంగరత్నం మానేసింది కదా, నేనూ దాని వెనకాలే పోతాను."

ఆవిడ మెట్లు దిగి సంతలోకి వెళ్ళిపోయింది. ఆ మనిషి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

రేడియో చెయ్యగలిగింది అది. ఒక్కసారి వింటే ఎవరూ మానరు. రోజూ వినిపిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళకి ఒక మాట దొరుకుతుంది. పక్కింటావిడ చుట్ట ఇవ్వనంటుంది, కోడలు లవంగాలు తెచ్చి పెడుతుంది, మానాలని ఎప్పట్నించో ఉన్నవాళ్ళకి మొదలుపెట్టడానికి ఒక సాకు చిక్కుతుంది. మిగతాది మనుషులే చేసుకోవాలి, అప్పుడు మనం పక్కనుండాలి.

మచ్చ తగ్గింది, మనిషి తగ్గింది

ఈసారి నేను ఆవిడ మాట నమ్మి ఊరుకోలేదు. లంకకి వెళ్ళినప్పుడల్లా చూసొచ్చేదాన్ని. నిజంగానే మానింది. రెండుసార్లు జారింది, జారినప్పుడు ఆవిడే చెప్పింది, మళ్ళీ పట్టుకుంది. తర్వాతి క్యాంపులో డాక్టరు గారు టార్చి వేసి చూసి, నన్ను పిలిచి చూపించారు. తెలుపు పల్చబడింది, ఎర్రచుక్కలు చాలావరకు లేవు. నాకు పండగలా అనిపించింది. గంగరత్నం మొహంలో మాత్రం ఏ కళా లేదు. ఒళ్ళు తగ్గింది, మాట కూడా తగ్గింది.

కారణం అడిగితే దాటేసింది. మేము రెండోసారి రికార్డు చెయ్యడానికి వెళ్ళిన రోజున మాత్రం దాచలేదు. అది తెల్లవారుతున్న వేళ. పొద్దుటి పక్షుల చప్పుడు కూడా రావాలని రేడియో ఆయన సరదా పడితే ముందురోజే వచ్చి ఊళ్ళో ఉన్నాం. ఆయన అరుగు మీద వైర్లు సర్దుకుంటుంటే గంగరత్నం నన్ను ఇంట్లోకి లాక్కెళ్ళింది.

"మీరొచ్చేరు కాబట్టి మైకులో మానేసేననే చెబుతాను, అదే ఆఖరండి. మీరు పడవెక్కగానే ఒకటి వెలిగించేస్తాను" అంది.

"ఏమిటండీ ఆ మాట? మచ్చ పోతోందన్నారు కదా డాక్టరు గారు. మళ్ళీ వెలిగిస్తే ఎక్కడికి దారితీస్తుందో మీకు చెప్పాలా?"

"తీస్తే తియ్యనీండి. చుట్ట లేకపోతే చావలేదండి నేను. కానీ ఆయన అరుగు మీద కూర్చోవడం మానేసేడు. లేవగానే పొగాకు తీసుకుని గట్టు మీదకి పోతాడు. తెల్లారిపోయేక వత్తాడు. నాతో ముక్క మాట్లాడి ఎన్నాళ్ళైందో. ఒకటి వెలిగించుకుని పక్కన కూర్చుంటే మళ్ళీ నా మనిషి నాకు దక్కుతాడు. నోరు పోతే పోయింది."

నా దగ్గర దానికి పోస్టరు లేదు. ఊపిరితిత్తుల బొమ్మ ఉంది, అంగిలి బొమ్మ ఉంది. పొగతోపాటు మొగుడి పక్కన కూర్చునే వేళ కూడా పోతే ఏం చెయ్యాలో మా శాఖలో ఎవరూ ఆలోచించలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఒట్టు పెట్టించుకుందామనుకున్నాను గానీ, మర్యాదకి మళ్ళీ సరేనంటుందని భయపడి ఊరుకున్నాను.

మేము బయటికొచ్చేసరికి రేడియో ఆయన వీర్రాజు గారిని పట్టుకుని అరుగు ముందు నిలబెట్టాడు. ఆయన గట్టు మీద నుంచి వస్తున్నారు. చేతులు పొగాకు వాసన వేస్తున్నాయి. ఇంట్లో మనిషి మాట కూడా ఉంటే బాగుంటుందని రేడియో ఆయన పట్టుదల.

"మీ ఆవిడ మానడానికి మీరేం సాయం చేశారండీ?" అని మైకు పెట్టాడు.

"నేనేం చేసేనండి. చుట్టివ్వడం మానేసేను, అంతే."

"మరి మీరింకా కాలుస్తున్నారు కదా. ఆవిడ ముందు కాల్చకూడదనే గట్టు మీదకి వెళ్తున్నారా?"

వీర్రాజు గారు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"కాల్చడం లేదండి. చెయ్యి ఊరుకోక చుడతాను. చుట్టింది సరంగుకిచ్చేస్తాను. మా ఇంటిదాంతోపాటే నేనూ మానేసేను. ఒక్కణ్ణీ కాల్చబుద్ధి కాలేదు" అన్నారు.

గంగరత్నం గుమ్మంలోనే ఉండిపోయింది. రేడియో ఆయన ఇంకేదో అడగబోతే నేను చెయ్యి చూపించి ఆపాను.

"మానేసేవా? మరి రోజూ అక్కడేం చేత్తన్నావు?" అంది ఆవిడ.

"కూర్చుంటున్నాను."

"ఆ కూర్చునేదేదో ఇక్కడ కూర్చోవచ్చుగా."

ఆయన నేల చూపులు చూశారు. మేమంతా ఉన్నామని కూడా మర్చిపోయారనుకుంటాను. "నీకు చుట్టిచ్చేవోణ్ణి కాబట్టి నా పక్కన కూర్చునేదానివి. ఉత్తినే కూర్చోమంటే విసుక్కుంటావేమోనని" అన్నారు.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. గంగరత్నం అరుగు దిగి ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన భుజం మీద తువ్వాలు సర్ది, ఆ కొస చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇన్నేళ్ళూ అంత చీకటితోనే లేచింది నేను చుట్ట కోసం అనుకున్నావా బావా?" అంది.